రోడ్డు పెరిగింది, బస్సు తగ్గింది: హైదరాబాద్ గాలి వెనుక వందేళ్ల కథ

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసింది. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆయన వేసిన పథకంతోనే వచ్చాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. ఈ నగరంలో రోడ్లను ఒక పద్ధతి ప్రకారం వేయాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. వరద తర్వాత 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు సందుల్లోకి గాలీ వెలుతురూ రాకపోతే జబ్బులు పోవని ఆనాటి అధికారులు నమ్మారు. అందుకే కిక్కిరిసిన బస్తీలను తెరిచి వీధులను వెడల్పు చేశారు. అంటే ఈ నగరంలో రోడ్డు వేయడానికి చెప్పుకున్న తొలి కారణాల్లో జనం పీల్చే గాలి కూడా ఒకటి.

చార్మినార్ నుంచి మదీనా వైపు నడిచేవాళ్లకు పత్తర్‌గట్టి దుకాణాల ముందు రాతి కమానుల వరస కనబడుతుంది. ఆ కాలపు పట్టణ ప్రణాళికకు అది మంచి ఉదాహరణ. మధ్యలో బండ్లు పోయే వీధి, ఇరుపక్కలా కమానుల కింద ఎండా వానా తగలకుండా నడిచే తోవ. నడిచేవాళ్లకు, బండిలో పోయేవాళ్లకు, బేరం చేసేవాళ్లకు, ముగ్గురికీ ఆ వీధిలో చోటు లెక్కగట్టి ఇచ్చారు. ఆ తర్వాత వందేళ్లలో ఈ నగరం వేసిన చాలా రోడ్లలో ఆ లెక్క కనబడదు. నగరం గాలి చెడడానికి పెద్ద కారణం అదేనని నా అభిప్రాయం.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడపడం అక్కడినుంచే మొదలని చెబుతారు. రైలు నడిపే సంస్థే బస్సులూ నడపడం వల్ల ఒక మేలు జరిగింది. రైలు దిగినవాడు ఎటు వెళతాడో, ఏ వేళకు వెళతాడో ఆ సంస్థకే తెలుసు. రైలూ బస్సూ పోటీ పడకుండా ఒకదానికొకటి ఆసరాగా నడవాలన్నది ఆనాటి ఏర్పాటు. ఇవాళ మెట్రో స్టేషన్ దిగినవాడికి కాలనీ దాకా వెళ్లే బస్సు దొరకదు. దాన్నే ‘లాస్ట్ మైల్’ సమస్య అని పేరుపెట్టి ఏళ్ల తరబడి చర్చిస్తున్నాం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. బస్సుల నంబరు ప్లేట్ల మీద ‘జెడ్’ అక్షరం కొనసాగింది. అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా పెట్టిందని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాలపాటు నగరం బస్సు చుట్టూనే పెరిగింది. సికింద్రాబాద్ స్టేషన్, కోఠి, అఫ్జల్‌గంజ్, చార్మినార్, మెహిదీపట్నం, దాదాపు ప్రతి రూటూ వీటిలో ఒకదానికి చేరేది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు వెళ్లే 7జెడ్ డబుల్ డెక్కర్‌లో పైఅంతస్తు ముందు సీటు కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్ లాంటి పరిశ్రమలు ఊరికి దూరంగా వచ్చినా, సొంత టౌన్‌షిప్పులు కట్టి, కంపెనీ బస్సులు నడిపి ఉద్యోగుల ప్రయాణం సంగతి అవే చూసుకున్నాయి.

ఆ రోజుల గాలి స్వచ్ఛంగా ఉండేదని నేను అనను. పాత డీజిల్ బస్సు ఎత్తు ఎక్కుతూ వదిలే నల్లటి పొగ వెనక నడిచినవాళ్లకు తెలుసు. అప్పటి పెట్రోలులో సీసం ఉండేది, అది పిల్లల మెదడుకు హాని చేసింది. ఒక్కో బండి ఇప్పటికంటే ఎంతో ఎక్కువ విషం కక్కేది. కానీ బండ్లు తక్కువ, మనిషి రోజూ తిరిగే దూరమూ తక్కువే.

1980ల నుంచి ఈ రెండూ తారుమారయ్యాయి. వంద సీసీ మోటారు సైకిళ్లు మధ్యతరగతికి అందాయి, తర్వాత బ్యాంకు రుణాలు సులువయ్యాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైంది. ఉద్యోగాలు పడమటికి, మాదాపూర్, గచ్చిబౌలి వైపు నడిచాయి. ఇళ్లు మాత్రం ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి, కూకట్‌పల్లిలో ఉండిపోయాయి. కోఠికీ సికింద్రాబాద్‌కూ చేర్చడానికి అల్లిన బస్సు రూట్లు ఈ కొత్త ప్రయాణాలకు సరిపడలేదు. రెండు బస్సులు మారి గంటన్నర నిలబడి వెళ్లడం కంటే, వాయిదాల మీద బండి కొనుక్కుంటే ముప్పావు గంటలో ఆఫీసు చేరవచ్చు. లక్షలమంది బండే కొనుక్కున్నారు. ఎవరి ఇంటి లెక్క ప్రకారం చూసినా అది సరైన నిర్ణయమే. ఇవాళ దేశంలో రిజిస్టరైన వాహనాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే.

అదే కాలంలో ఒక మంచి పని జరిగింది, దాన్ని ఒప్పుకోకపోతే అన్యాయం. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. మాషెల్కర్ కమిటీ సూచించిన బాటలో వాహన ప్రమాణాలు మెట్టు మెట్టుగా బిగిశాయి. హైదరాబాద్‌కు 2005లో భారత్ స్టేజ్-3, 2010లో స్టేజ్-4 వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ఒకేసారి స్టేజ్-6కి దూకింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగింది. డీజిల్ వాహనాల పొగగొట్టాలకు నుసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. ఒక్కో కొత్త బండి వదిలే పొగ బాగా తగ్గింది. అయినా నగరం గాలిలో ఆ మేరకు మెరుగు రాలేదు. బండ్లు పెరిగి, ఒక్కో బండి తిరిగే కిలోమీటర్లు పెరిగి, సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆన్‌లోనే ఆగే నిమిషాలు పెరిగి, ఇంజనీర్లు సాధించినదాన్ని తినేశాయి.

2005-06లో పంజగుట్ట, చిక్కడపల్లి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణం, ఈ మూడు చోట్ల గాలిలోని రేణువులను పట్టి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో విడదీశారు. వాహనాల పొగ, రోడ్డు మీద నుంచి లేచే దుమ్ము, ఈ రెండే పెద్ద వాటాలుగా తేలాయి. చెత్త తగలబెట్టడం, పరిశ్రమలు, బొగ్గు లాంటివి ఆ తర్వాతే. దుమ్మును మనం చాలాసార్లు ప్రకృతి ఖాతాలో వేస్తాం, అది పొరపాటు. రోడ్డు అంచున సిమెంటు వేయకుండా వదిలేసిన మట్టి, తవ్వి పూడ్చకుండా వదిలిన కేబుల్ గుంత, అరిగిన టైరు, అరిగిన బ్రేకు, ఇవన్నీ కలిసి నలిగి, ప్రతి చక్రం కింద మళ్లీ మళ్లీ లేచే పొడి అది. రోడ్డు మీద చక్రాలు ఎన్ని తిరిగితే అంత లేస్తుంది. విద్యుత్ కారు వచ్చినా ఈ భాగం పోదు.

సాయంత్రం ఆరున్నరకు పంజగుట్ట చౌరస్తాలో నిలబడితే ఈ శాస్త్రమంతా కళ్లెదుటే జరుగుతుంది. బస్సు ఆగాల్సిన చోట ఆటోలు, క్యాబ్‌లు ఆగి ఉంటాయి. అందుకని బస్సు రెండో వరసలో, రోడ్డు నడిమధ్యన ఆగుతుంది. బ్యాగు భుజాన వేసుకున్న ఆడపిల్లలు కదులుతున్న బైకుల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కుతారు. బస్సు వెనక ముప్పై నలభై బండ్లు హారన్లు కొడుతూ యాక్సిలరేటర్ తిప్పుతూ నిలబడతాయి. పైన ఫ్లైఓవర్, దాని పక్కన మెట్రో వంతెన, ఇరుపక్కలా ఎత్తయిన భవనాలు. పొగ పైకి పోయే తోవ తక్కువ. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో నేల చల్లబడి పైన వెచ్చటి గాలి మూత వేసినట్టు నిలిస్తే అది రాత్రి దాకా అక్కడే ఉంటుంది. డివైడర్ మీద నాటిన మొక్క ఆకును వేలితో రాస్తే వేలు నల్లబడుతుంది. ఎప్పుడూ ఆ రోడ్డు పక్కనే పనిచేసే పూల దుకాణంవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, బస్సు కోసం నిలబడినవాళ్లు ఈ గాలిని అందరికంటే ఎక్కువ పీలుస్తారు. ఆ పొగలో వాళ్ల వాటా అందరికంటే తక్కువ.

రద్దీకి మందుగా నగరం ఎంచుకున్నది ఫ్లైఓవర్. పంజగుట్టలో ఒకటి కట్టారు. 2007 సెప్టెంబరులో నిర్మాణంలో ఉండగానే అది కూలి ప్రాణాలు పోయాయి, తర్వాత పూర్తిచేశారు. మెహిదీపట్నం నుంచి విమానాశ్రయం వైపు 11 కిలోమీటర్లకు పైగా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది. గత దశాబ్దంలో వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి పథకం కింద షేక్‌పేట, బయోడైవర్సిటీ, ఎల్బీనగర్ ఫ్లైఓవర్లు, దుర్గం చెరువు తీగల వంతెన వరసగా వచ్చాయి. ప్రతిదీ ప్రారంభమైనప్పుడు ఆ కూడలి తేలికపడింది. ఆ తేలిక చూసి కొత్త బండ్లు వచ్చాయి, రద్దీ తర్వాతి కూడలికి జరిగింది.

ఇది మన నగరానికే ప్రత్యేకం కాదు. అమెరికా ఆర్థికవేత్త ఆంథోనీ డౌన్స్ 1962లోనే ఈ మాట రాశారు: రద్దీ వేళ రోడ్డు ఎంత పెంచినా వాహనాలు దాన్ని నింపేదాకా పెరుగుతాయి. 2011లో డురాంటన్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా నగరాల లెక్కలు తీశారు. పెద్ద రోడ్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం దాదాపు అంతే శాతం పెరుగుతోందని చూపారు. అక్కడి పాఠం మనకు దొరికాకే మనం అదే దారి పట్టాం. పైగా మన ఫ్లైఓవర్ మీద బస్టాపు ఉండదు. కింద స్టాపు ఉన్న బస్సు కిందనే, ఆ రద్దీలోనే పోవాలి. కోట్లు పెట్టి ఆదా చేసిన సమయంలో బస్సు ప్రయాణికుడికి వాటా దక్కదు.

అవుటర్ రింగ్ రోడ్డు విషయంలో తీర్పు అంత తేలిక కాదు. 158 కిలోమీటర్ల ఆ ఎనిమిది వరసల రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో తెరిచారు, మొత్తం పూర్తవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ముంబై నుంచి విజయవాడకు, నాగపూర్ నుంచి బెంగళూరుకు పోయే లారీకి ఇక నగరం నడిబొడ్డుతో పనిలేదు. రాత్రిపూట ఊళ్లోకి దిగే డీజిల్ పొగ ఆ మేరకు తగ్గింది. ఇది నిజమైన మేలు. కానీ ఆ రోడ్డు చుట్టూ భూముల ధరలు లేచి, కాలనీలు, విల్లాలు, కాలేజీలు బస్సు చేరని చోట్ల మొలిచాయి. అక్కడ ఇల్లు కొన్న కుటుంబానికి కారు తప్పనిసరి, చాలాసార్లు రెండు కార్లు. అవుటర్‌కు ఆవల దాదాపు 340 కిలోమీటర్ల ప్రాంతీయ రింగ్ రోడ్డు తలపెట్టారు. దానికి ఎన్ని ఎకరాలు కావాలో చర్చ జరిగినంతగా, దాని పక్కన ఇల్లు కట్టుకునేవాళ్లు పనికి ఎలా వెళతారన్న చర్చ జరగలేదు.

పట్టాల రవాణా ఈ కథలో ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది. చౌకైన టికెట్, పాత పట్టాలే. కానీ దూరప్రాంత రైళ్లకు దారి ఇస్తూ నడవాల్సిన ఆ రైలు ఏ వేళకు వస్తుందో నమ్మకం లేకపోయింది. రెండో దశ ఏళ్ల తరబడి సాగింది. మెట్రో 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు చేరింది. 2023లో రోజుకు 5 లక్షల మంది ఎక్కిన రోజులున్నాయి. వాళ్లలో బండి ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్లు చాలామంది. అయితే పాతబస్తీకి వెళ్లాల్సిన భాగం ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. సొంత వాహనం కొనలేని జనం ఎక్కువగా ఉన్న చోటికే మెట్రో వెళ్లలేదన్నమాట.

బస్సుకు ప్రత్యేక దారి ఇచ్చే ప్రయత్నం తెలుగు నేల మీద జరగకపోలేదు. వాహనాలను కాదు, మనుషులను చేరవేయడమే లక్ష్యమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఆ ఊపులో కేంద్రం ఇచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం నిధులతో విజయవాడ, విశాఖపట్నాల్లో బస్సులకే దారి కేటాయించే బీఆర్టీఎస్ తలపెట్టారు. విజయవాడ సత్యనారాయణపురంలో ‘బీఆర్టీఎస్ రోడ్డు’ పేరు మిగిలింది. బస్సులకే కేటాయించిన వేగవంతమైన సర్వీసు నిలవలేదు. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన అలాంటి వ్యవస్థ జనమార్గ్ ఇప్పటికీ నడుస్తోంది. దారి కట్టడంతో పని అయిపోలేదు, రోజూ ఆ దారిలోకి ఇతర వాహనాలు రాకుండా కాపాడే యంత్రాంగమూ, సరిపడా బస్సులూ కావాలి.

హైదరాబాద్ మాత్రం ఉన్న బస్సులనే వదులుకుంది. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిశాక నష్టాల పేరుతో సిటీ బస్సులను వందల సంఖ్యలో తగ్గించారు. వాటిని నమ్ముకున్నవాళ్లలో కొందరు షేర్ ఆటో ఎక్కారు, కొందరు సెకండ్ హ్యాండ్ బండి కొన్నారు. కొన్ని నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. రోడ్లు ఖాళీ అవగానే గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ గబగబా పడిపోయింది. అది ఎక్కువగా ఇంజన్ల నుంచి వచ్చేదే కనుక కారణం వెతకక్కరలేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక సిటీ బస్సులు కిటకిటలాడాయి. బస్సు అందుబాటులో ఉంటే ఎక్కే జనం ఇంతమంది ఉన్నారని తేలింది, వాళ్లకు సరిపడా బస్సులు లేవనీ తేలింది.

2019లో కేంద్రం తెచ్చిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఉన్నాయి. మన ప్రమాణం ప్రకారం గాలిలోని సన్నటి రేణువుల (పీఎం 2.5) ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టుకున్న హద్దు 5. ఈ కార్యక్రమం కింద దేశంలో ఖర్చయిన డబ్బులో దాదాపు మూడింట రెండు వంతులు దుమ్ము పనులకే పోయిందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క చూపింది. రోడ్డు వేయడం, ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు. దుమ్ము తగ్గాల్సిందే. కానీ ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నటి రేణువులు ఎక్కువగా మండే ఇంధనం నుంచి వస్తాయి, చీపురుకు అందవు. రోడ్డు వేసి, దాని మీద బండ్లు పెంచి, మర్నాడు ట్యాంకరుతో నీళ్లు చల్లే ఖర్చులో కొంత సిటీ బస్సుకు పెట్టి ఉంటే ఈపాటికి తేడా తెలిసేది.

ఇప్పుడు పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారు. వాటికి ఛార్జింగ్ ఉన్న డిపోలు కావాలి. పాత డిపోల స్థలాలను వాణిజ్య సముదాయాలకు లీజుకివ్వకుండా ఆపాలి. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్ లాంటి రూట్లలో రద్దీ వేళల్లోనైనా ఒక వరస బస్సుకు వదలాలి. స్టాపుల్లో ఆటోలు, క్యాబ్‌లు ఆగకుండా ట్రాఫిక్ పోలీసులు రోజూ చూడాలి. మెట్రో స్టేషన్ నుంచి కాలనీ దాకా చిన్న బస్సులు, వాటి వేళలు రైలు వేళలకు కలిసేలా కావాలి. స్టాపు దాకా నడిచిపోయే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగ్ లేకుండా తీసేయాలి. వీటిలో కొన్ని ఆర్టీసీ చేతిలో, కొన్ని జీహెచ్ఎంసీ చేతిలో, కొన్ని పోలీసుల చేతిలో, కొన్ని మెట్రో చేతిలో ఉన్నాయి. 1932లో రైలూ బస్సూ ఒకే కార్యాలయం కింద ఉండేవి. ఇప్పుడు ఈ నాలుగింటినీ కూర్చోబెట్టి ఒక్క రూటు కోసం ఒక్క నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికిస్తారన్నది ఆ బస్సులు రోడ్డెక్కేలోపే తేల్చాలి.