పడకగదికి గోడ బీరువా – చేయించుకొనుటకు ముందు

పాత మండువా ఇండ్లలో గోడలోనే గూళ్లు వదిలి, వాటికి చెక్క తలుపులు బిగించేవారు. నేటి ఇండ్లలో గోడలు పలుచనివి కావడం వలన, గోడకు ఆనించి నేల నుండి పైవరకు బీరువా కట్టించుకొనడం వాడుక అయింది. ఇనుప బీరువాను మరొక గదికి జరుపవచ్చు, దీనిని జరుపలేము. కనుక తప్పు జరిగితే డబ్బు, చెక్క రెండూ వ్యర్థమవుతాయి.

కొలతలు

వడ్రంగిని కర్ణాటకలో బడగి అని, తమిళనాట తచ్చర్ అని, మహారాష్ట్రలో సుతార్ అని అంటారు. పనివాని భాష ఏదైనా కాగితంపై గీసిన పటం అందరికీ అర్థమవుతుంది. అడుగులా, అంగుళాలా, మిల్లీమీటర్లా అన్నది ప్రతి అంకె పక్కన వ్రాయండి.

గోడలు సరిగా నిలువుగా ఉండవు. వెడల్పును కింద, నడుమ, పైన మూడు చోట్ల కొలిచి, అతి తక్కువ కొలతను తీసుకోవాలి. మిగిలే సందును సన్నని పట్టీతో మూయవచ్చు. నేల వాలును రసమట్టంతో చూడాలి. హ్యాంగరు అడ్డంగా పట్టడానికి లోతు సుమారు 2 అడుగులు కావాలి. చొక్కాలకు 3.5 అడుగులు, పొడవు దుస్తులకు 5 అడుగుల ఎత్తు చాలును. అర 3 అడుగులకు మించితే నడుమ కుంగుతుంది. మంచానికి, బీరువాకు నడుమ రెండున్నర అడుగులైనా లేనిచో జారుడు తలుపులు మేలు.

తేమ, చెదలు

గోడపై ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపున నీటి బిందువులు కనిపిస్తే, ముందు ఆ తేమకు కారణమును సరిచేయించాలి. చెదలు నేల నుండి, గోడ పగుళ్ల నుండి పైకి వస్తాయి. అందుచేత చెక్కను నేలకు తగులనీయక, 4 అంగుళాల సిమెంటు దిమ్మెపై నిలపాలి. వేపాకు వేసినంత మాత్రాన చెదలు ఆగవు.

ప్లైవుడ్

ఐఎస్ 303 ప్రమాణంలో ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అని రెండు రకాలు ఉన్నాయి. ఎంఆర్ గాలిలోని తేమను మాత్రమే ఓర్చుకొంటుంది, తడిని కాదు. వానలు ఎక్కువైన ఊళ్లలో బీడబ్ల్యూఆర్ కొనడం మంచిది. 18 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది.

6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల బీరువాను ఉదాహరణగా చూద్దాం. మూడు నిలువు పలకలు, పైది, కిందిది, నాలుగు అరలు కలిపి 90 చదరపు అడుగులు. షీటు 8 అడుగులు, 4 అడుగులు, అనగా 32 చదరపు అడుగులు. లెక్కకు 3 షీట్లు చాలుననిపిస్తుంది. కాని 2 అడుగుల పట్టీలుగా కోస్తే 7 పట్టీలు కావాలి, అనగా 4 షీట్లు. నాలుగు తలుపులకు మరి 2 షీట్లు, వెనుకకు 6 మిల్లీమీటర్ల పలుచనివి 2 పడతాయి. ఈ లెక్క తెలిసి ఉంటే దుకాణంలో తక్కువ కొని పని ఆగిపోదు, ఎక్కువ కొని మిగిలిపోదు.

పట్టాదారు పుస్తకాలు, దస్తావేజులు మాత్రం రేకు పెట్టెలో పెట్టి, గోడకు తగులని పై అరలో ఉంచండి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, అన్నీ తీసి వెనుక పలకను చూచుకోవాలి.