తాబేళ్ళ ఆహారంలో పుట్టగొడుగులు

తాబేళ్ళ ఆహారంలో పుట్టగొడుగులు ఎంతవరకు క్షేమకరమన్నది తాబేలు జాతిని బట్టి, పుట్టగొడుగు రకాన్ని బట్టి మారుతుంది. మనుషుల కోసం సాగుచేసే పుట్టగొడుగులు తాబేళ్ళకు విషం కావు. అయితే గడ్డి, ఆకులు మేసే జాతులకు అవి సరైన ఆహారమూ కావు. పెరట్లోనో, పొలం గట్టునో వాటంతటవి మొలిచిన పుట్టగొడుగులను పెంపుడు తాబేలుకు పెట్టరాదు. ఆంధ్రప్రదేశ్‌లో సహజంగా నివసించే మెట్ట తాబేలు నక్షత్ర తాబేలు. దీనిని ఇంట్లో పెంచడం భారతదేశంలో చట్టరీత్యా నేరం.

నక్షత్ర తాబేలు

నక్షత్ర తాబేలు శాస్త్రీయ నామం జియోకెలోన్ ఎలిగాన్స్. దీని నల్లని డిప్పపై ప్రతి పలకలోనూ పసుపు రంగు చారలు నడిమి నుండి కిరణాలవలె విస్తరించి ఉంటాయి. ఆ ఆకారాన్ని బట్టి ఈ పేరు వచ్చింది. ఈ జాతి వాయవ్య భారతదేశంలోను, దానిని ఆనుకొని ఉన్న పాకిస్తాన్‌లోను, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటకలతో కూడిన ఆగ్నేయ భాగంలోను, శ్రీలంకలోను ఉన్నది. ముళ్ళపొదలు, గడ్డి భూములు, మెట్ట పొలాల అంచులు దీని నివాసాలు. గడ్డి, లేత ఆకులు, పూలు, రాలిన పండ్లు, రసభరితమైన మొక్కలు దీని ప్రధాన ఆహారం. అప్పుడప్పుడు జంతువుల పెంటను, కళేబరాలను కూడా తింటుంది.

వర్షాకాలంలో ఈ తాబేళ్ళు ఎక్కువ చురుకుగా తిరుగుతాయి. పుట్టగొడుగులు విరివిగా మొలిచేదీ ఆ కాలంలోనే. అందుచేత పెరట్లో వదిలిన తాబేలు వాటిని కొరికే అవకాశం వానలు పడిన తరువాతి రోజులలో ఎక్కువ.

జాతుల మధ్య భేదాలు

అన్ని తాబేళ్ళ ఆహారం ఒకటి కాదు. దక్షిణ అమెరికా అడవులలో నివసించే ఎర్రకాళ్ళ తాబేలు, పసుపుకాళ్ళ తాబేలు పండ్లతో పాటు శిలీంధ్రాలను కూడా తింటాయని బ్రెజిల్ వాయవ్య ప్రాంతంలో జరిపిన అధ్యయనం 1990లో తెలియజేసింది. ఉత్తర అమెరికాకు చెందిన పెట్టె తాబేళ్ళు కూడా పుట్టగొడుగులను ఇష్టంగా తింటాయి. ఇవి తేమగల అడవి నేలల జీవులు.

నక్షత్ర తాబేలు, ఆఫ్రికాకు చెందిన సల్కేటా తాబేలు పొడి నేలల జీవులు. పీచు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా ఉండే మేతకు వీటి జీర్ణవ్యవస్థ అలవాటుపడింది. ఎర్రకాళ్ళ తాబేలు గురించి విదేశీ పుస్తకాలలో ఉన్న సలహాను నక్షత్ర తాబేలుకు వర్తింపజేయడం పొరపాటు.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి బటన్ పుట్టగొడుగులలో సుమారు 92 గ్రాముల నీరు, 3 గ్రాముల మాంసకృత్తులు, 3 మిల్లీగ్రాముల కాల్షియం, 86 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటాయి. అంటే భాస్వరం కాల్షియంకన్నా 28 రెట్లకు పైగా ఎక్కువ. మెట్ట తాబేళ్ళ ఆహారంలో భాస్వరానికి కనీసం రెట్టింపు కాల్షియం ఉండాలని పశువైద్యులు చెబుతారు. పోలికకు చూస్తే, 100 గ్రాముల నాగజెముడు మట్టలో సుమారు 164 మిల్లీగ్రాముల కాల్షియం, 16 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటాయి.

భాస్వరం ఎక్కువై కాల్షియం తగ్గినపుడు శరీరం ఎముకలలోని కాల్షియంను వాడుకుంటుంది. దీనివలన డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. ఎదిగే పిల్లలలో ఈ నష్టం త్వరగా జరుగుతుంది, మళ్ళీ పూర్తిగా సరికాదు. ఎండ తగలని తాబేలుకు విటమిన్ డి3 లోపించి ఈ వ్యాధి మరింత ముదురుతుంది. పుట్టగొడుగులలో ఉండేది ప్రధానంగా డి2 కనుక అవి ఎండకు బదులు కాజాలవు.

డిప్పపై గూనులు లేవడానికి మాంసకృత్తులే కారణమని చాలాకాలం భావించారు. సల్కేటా పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో గాలిలో తేమ తక్కువ కావడమే ఇందుకు ముఖ్య కారణమని తేలింది.

సాగుచేసిన పుట్టగొడుగులు

ఆంధ్రప్రదేశ్ మార్కెట్లలో బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగు, వరిగడ్డి పుట్టగొడుగు రకాలు లభిస్తాయి. వరిగడ్డితో పాటు పత్తి వ్యర్థాలు, పత్తి కట్టె కూడా సాగుకు పనికివస్తాయి. ముత్యపు చిప్ప సాగులో గడ్డిని శుద్ధిచేయడానికి కొందరు వేడినీటికి బదులు కార్బెండజిమ్, ఫార్మలిన్ ద్రావణాన్ని వాడతారు. కాబట్టి ఎలా పండించారో తెలియని పుట్టగొడుగులు ఇవ్వకపోవడం మంచిది.

శిలీంధ్రాలు తినే జాతులకు కడిగిన సాగు పుట్టగొడుగు ముక్కలను ఇతర మేతతో కలిపి అప్పుడప్పుడు ఇవ్వవచ్చును. ఉప్పు, కారం, నూనె తగిలిన కూర ఏ జాతికీ ఇవ్వరాదు. నక్షత్ర తాబేలు ఒక ముక్క తిన్నంత మాత్రాన ఆందోళన చెందనవసరం లేదు. అది రోజూ పెట్టవలసిన మేత మాత్రం కాదు.

వాటంతటవి మొలిచే పుట్టగొడుగులు

పుట్టల మీద మొలిచే గొడుగులు కనుక వీటికి పుట్టగొడుగులన్న పేరు వచ్చింది. చెదపురుగుల పుట్టలపై తొలకరి వానలకు మొలిచే రకాన్ని మనుషులు ఏరి వండుకుంటారు. కాని వీటి పక్కనే విషపూరితమైనవి కూడా మొలవవచ్చు. పచ్చిక బయళ్ళలోను, పెరళ్ళలోను కనిపించే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ తెల్లని గొడుగుతో తినదగినదానివలె ఉంటుంది. ఇది తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. అమనిటా ప్రజాతిలోని కొన్నింటిలో ఉండే అమటాక్సిన్లు కాలేయాన్ని నాశనం చేస్తాయి. వండినా ఈ విషం పోదు.

వెండి నాణెం నల్లబడితేనే విషమని, పురుగులు కొరికినది క్షేమమని ఉన్న నమ్మకాలకు ఆధారం లేదు. తాబేలు తిని బ్రతికినది మనిషికి కూడా క్షేమమన్న అభిప్రాయమూ తప్పే. పెట్టె తాబేళ్ళు మనుషులకు విషమైన పుట్టగొడుగులను తిని కూడా బ్రతికినట్లు గమనించారు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మేత

2022 నాటి జిల్లాల పునర్విభజనకు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని నల్లరేగడి భూములు పత్తికి, మిరపకు ప్రసిద్ధి. ఈ రెండు పంటలకూ పురుగుమందులు ఎక్కువగా చల్లుతారు. మందు చల్లిన చేల గట్ల నుండి కోసిన గడ్డి, అక్కడ మొలిచిన పుట్టగొడుగులు తాబేలుకు ప్రమాదకరం. పుట్టగొడుగులు నేలలోని భార లోహాలను కూడా పీల్చుకొని నిలవచేసుకుంటాయి.

ఈ ప్రాంతంలో విరివిగా దొరికే గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అది కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు కనుక గోంగూరనే రోజూ మేతగా పెట్టరాదు. మందు చల్లని చోటి గరిక, మందార ఆకులు, పూలు, ముళ్ళు తీసిన నాగజెముడు మేలైన మేత.

విష లక్షణాలు, చికిత్స

మేత మానివేయడం, నోటి నుండి చొంగ కారడం, విరేచనాలు, కాళ్ళు పట్టు తప్పడం, కదలిక లేకపోవడం విష లక్షణాలు. తాబేలు జీవక్రియ నిదానమైనది కనుక లక్షణాలు ఆలస్యంగా బయటపడవచ్చు. అవి కనిపించేదాకా వేచి ఉండరాదు. నోటిలో మిగిలిన ముక్కలను తీసివేసి, తాబేలును వెచ్చని చోట ఉంచి, వెంటనే పశువైద్యునికి చూపాలి. తిన్న పుట్టగొడుగును వేరుతో సహా కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్ళాలి. ఇంటి వైద్యంగా నూనె, పాలు, ఉప్పునీరు పట్టరాదు. ఈ ప్రాంతానికి సమీపంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉన్నది.

చట్టం, సంరక్షణ

కూర్మావతారంపై గల భక్తి వలన, ఇంట తాబేలుంటే కలిసివస్తుందన్న నమ్మకం వలన నక్షత్ర తాబేళ్ళకు గిరాకీ ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ఆవరణలో ఈ తాబేళ్ళు ఉన్నాయి. ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుండి ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్ళను అడవుల నుండి పట్టి తరలించారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

2019లో ఈ జాతిని అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటీస్ మొదటి అనుబంధంలో చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలుకు చెందినది. ఈ షెడ్యూలులోని జంతువులను పట్టినా, అమ్మినా మూడు నుండి ఏడేళ్ళ జైలుశిక్ష, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా ఉంటాయి. సైటీస్ జాబితాలోని విదేశీ జాతులను పెంచేవారు 2024 నాటి నియమాల ప్రకారం నమోదు చేయించుకోవాలి.

ఇంటికి చేరిన నక్షత్ర తాబేలును తెచ్చి పొలంలోనో, చెరువులోనో వదలరాదు. ఇది ఈదలేని మెట్ట జీవి కనుక నీటిలో మునిగి చనిపోతుంది. పెంపకంలో సోకిన వ్యాధులు అడవి తాబేళ్ళకు అంటుకునే ప్రమాదమూ ఉన్నది. దానిని అటవీశాఖకు అప్పగించాలి.

ఇవి కూడా చూడండి

నక్షత్ర తాబేలు
పుట్టగొడుగు
శ్రీకూర్మం
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972