శిలాశాసనం నుంచి సేవా సంఘం దాకా



ఆలయ జీర్ణోద్ధరణకు విరాళమిచ్చిన దాత పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం నమోదు చేయడం మనకు కొత్త కాదు. మన పూర్వికులు ఆ లెక్కను రాతి మీద చెక్కించారు. అయితే దానం ఇచ్చిన రోజుతో దాత బాధ్యత ముగుస్తుందా, ఆ రోజునే మొదలవుతుందా? కుంభాభిషేక శుభసమయంలో దాతలందరూ ఆలోచించదగిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం వెదకడానికి రెండు చరిత్రలను మీ ముందుంచుతున్నాను.

మొదటిది మన నేల మీదిదే. అమరావతి ప్రాంతంలో మందడం చేరువనున్న మల్కాపురంలో కాకతీయుల కాలపు శిలాస్తంభం ఒకటి ఉంది. శాలివాహన శకం 1183, అనగా సా.శ. 1261 నాటి శాసనమది. గణపతిదేవుని గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు రుద్రమదేవి మందడం, వెలగపూడి గ్రామాలను దానమిచ్చిన వృత్తాంతం అందులో ఉంది. ఆ గ్రామాల ఆదాయం కేవలం ఆలయ పూజలకే పరిమితం కాలేదు. విద్యార్థులకు మఠం, ఆకలిగొన్నవారికి అన్నసత్రం, రోగులకు ఆరోగ్యశాల, గర్భిణులకు ప్రసూతిశాల ఏర్పడ్డాయి. సత్రంలో కులభేదం లేకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టాలని కూడా నిర్దేశించారు. దైవసేవ, ప్రజాసేవ వేరు కావని ఆ స్తంభం నేటికీ చాటుతున్నది. కాని ఆ ప్రసూతిశాల, ఆ ఆరోగ్యశాల ఇప్పుడు లేవు. రాయి నిలిచింది, సేవ నిలువలేదు.

రెండవ చరిత్ర ఇరవయ్యవ శతాబ్దానిది. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో నలుగురు మిత్రులు సమావేశమయ్యారు. వారిలో పాల్ హారిస్ న్యాయవాది. మిగిలినవారు ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో కలుసుకునేవారు కనుక ఆ సంఘానికి రోటరీ అని పేరు వచ్చింది. పరస్పర స్నేహం కోసం మొదలైన ఆ సంఘం త్వరలోనే ఊరి అవసరాల వైపు దృష్టి మళ్లించింది. వారు మొదట చేపట్టిన ప్రజోపయోగ కార్యం ఏమిటో తెలుసా? నగరంలో ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించడం! పేరు ప్రతిష్ఠల కోసం చేసే పనిగా దానిని ఎవరూ ఎంచుకోరు. ప్రజలకు ఏది అవసరమో దానినే వారు ఎంచుకున్నారు.

1917లో అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో లయన్స్ క్లబ్బుల సంస్థ ఏర్పడింది. 1925లో ఆ సంస్థ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలవమని కోరగా, కంటిచూపు కాపాడడం వారి ప్రధాన సేవ అయింది. మనదేశంలో రోటరీ 1919లో కలకత్తాలోను, లయన్స్ 1956లో బొంబాయిలోను అడుగుపెట్టాయి. క్రమేణా మన పట్టణాలలోనూ ఉచిత కంటి శిబిరాలు, రక్తదాన శిబిరాలు, చలివేంద్రాలు వీరి సేవలకు గుర్తులయ్యాయి.

లోపాలు లేవని కాదు. ఈ రెండు సంస్థలూ 1987 వరకు మహిళలకు సభ్యత్వ ద్వారాలు మూసే ఉంచాయి. ఏడు శతాబ్దాలకు పూర్వమే ఒక మహిళ ప్రసూతిశాలకు ఊళ్లనిచ్చిన నేల మనదని ఇక్కడ స్మరించుకోవాలి.

ఈ సంఘాల నుంచి మనం గ్రహించదగినవి రెండున్నాయి. మొదటిది నిలకడ. లోకంలో మేలు చేయడానికి ఒక శాశ్వత నిధి ఉండాలని 1917లో ఆర్చ్ క్లంఫ్ ప్రతిపాదించినప్పుడు దానికి అందిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు మాత్రమే. ఆ నిధే తరువాత రోటరీ ఫౌండేషన్ అయింది. 1979లో ఫిలిప్పీన్స్‌లో లక్షలాది పిల్లలకు పోలియో చుక్కలు వేయించే కార్యక్రమానికి అది తోడ్పడింది. 1985లో ప్రపంచమంతటా పోలియోను తరిమివేసే ఉద్యమం చేపట్టి రోటరీ 12 కోట్ల డాలర్లు సేకరించాలనుకోగా, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు సమకూరాయి.

మనదేశంలో 1995లో పల్స్ పోలియో ప్రారంభమైంది. ఆదివారాలు బస్‌స్టాండులలో, ఆలయ ప్రాంగణాలలో బల్లలు వేసుకుని కూర్చున్నవారిని మీరు చూసే ఉంటారు. ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలే ఆ యజ్ఞానికి వెన్నెముక. క్లబ్బుల సభ్యులు వారికి చేదోడుగా నిలిచారు. అయినా 2009లో దేశంలో 741 కేసులు నమోదయ్యాయి. పద్నాలుగేళ్ల శ్రమ వృథా అని అప్పుడు చేతులెత్తేసి ఉంటే ఏమయ్యేది? ఆగలేదు కనుకనే మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 42కు, 2011లో ఒకటికి దిగింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో బయటపడినదే చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

రెండవది లెక్క. లయన్స్ సంస్థ నియమం ప్రకారం ప్రజల నుంచి సేకరించిన ధనం ప్రజల పనికే వెచ్చించాలి. క్లబ్బు నిర్వహణ ఖర్చులు సభ్యులు చెల్లించే రుసుము నుంచి భరించాలి. రెండు ఖాతాలు వేరు, రెండు పద్దులు వేరు. దాత విశ్వాసాన్ని కాపాడేది ఈ చిన్న గీతే.

భక్త మహాశయులారా! గోపురానికి రంగులు వేయించడం, ధ్వజస్తంభం నిలబెట్టడం కష్టమైన పనులే. అంతకంటె కష్టమైనది, జనసందోహం వెళ్లిపోయిన తరువాత నిత్య ధూపదీప నైవేద్యాలు, అన్నదానం ఆగకుండా చూడడం. ప్రతిష్ఠనాడు లక్ష ఇచ్చిన చేయి, మరుసటి ఏడాది ఒక పూట అన్నదానానికి, ఒక కంటి శిబిరానికి, ఒక పేద విద్యార్థి పుస్తకాలకు కొంత ఇవ్వగలిగితే ఆ లక్షకు నిండుదనం వస్తుంది. ధనం లేనివారు శ్రమనివ్వవచ్చు. ఇచ్చినవారు ఏటా లెక్క అడగవచ్చు. అలా అడగడం అపచారం కాదు, సేవలో భాగమే.

మల్కాపురం స్తంభం మీద దాతల పేర్లు మిగిలాయి. మన పేర్లతోపాటు మన సేవ కూడా మిగలాలని కోరుకుందాం.

స్వస్తి.