ఐరిస్ విత్తులు నాటినవారు

బంగినపల్లి మామిడి టెంకెను పాతినచో బంగినపల్లియే కాయునని నమ్మువారు మనలో అరుదు. తల్లిచెట్టు గుణము నిలువవలెనన్న అంటు కట్టవలసినదే. టెంకెనుండి లేచిన చెట్టు పులుపో తీపో అది కాచిననాడు గాని తెలియదు. అయినను మొదటి బంగినపల్లి చెట్టు ఒకప్పుడు టెంకెనుండి మొలచినదే గదా! చలిదేశముల తోటలకు వన్నె తెచ్చిన ఐరిస్ పువ్వు చరిత్రయు ఇట్టిదే. దానిని శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

ఐరిస్ అనగా ప్రాచీన గ్రీకుల ఇంద్రధనుర్దేవత. పూల రంగులనుబట్టి మొక్కకు ఆ పేరు కలిగినది. ఇందు గడ్డపు ఐరిస్ అను రకమునకు అల్లపుకొమ్మువంటి దుంప యుండును. అది మంచు కురియు శీతకాలమును ఓర్చి ఏటేట వసంతమున పూయును. పువ్వునకు మూడు రేకులు పైకి నిలిచియుండును. మూడు క్రిందికి వ్రేలాడును. ఆ వ్రేలాడు రేకులమీది నూగు వరుసయే గడ్డము. దుంపను విరిచి నాటినచో తల్లివంటి పువ్వే పూయును. కావున తోటమాలులు తరతరములుగా దుంపలనే పంచుకొనిరి.

విత్తు త్రోవ వేరు. లైడెన్ నగరపు ఉద్యానమును తీర్చిన క్లూసియస్ పండితుడు (1526–1609), విత్తునుండి పెంచిన ఐరిస్‌లు తల్లిని పోలక పలువిధముల మారుచున్నవని గమనించెను. ఆ మార్పునే వృత్తిగా గ్రహించినవాడు ఫ్రాన్సు దేశపు తోటమాలి లెమోన్. ఆయన 1840లో నూరు రకముల పట్టికను ప్రకటించెను. పుప్పొడి మోయు పని తేనెటీగలదే. విత్తులు ఏరి, చల్లి, పూసినవానిలో మేలైనవానిని ఎన్నుకొనుట ఆయన పని.

తేనెటీగ పనిని తన చేతికి తీసికొని శాస్త్రదృష్టితో సాగించినవారిలో ముఖ్యుడు సర్ మైకేల్ ఫాస్టర్ (1836–1907). ఆయన 1883లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రమునకు ప్రథమాచార్యుడైనాడు. ఊరి వెలుపలి తన తోటలో పువ్వునకు పువ్వు జతపరచి విత్తులు పండించెను. తూర్పుదేశములనుండి పెద్ద పూల ఐరిస్‌లను తెప్పించెను. ఆసియా మైనరులోని అమాస్యానుండి వచ్చినదానికి ‘అమాస్’ అను పేరు నిలిచినది. మన కాశ్మీరమునుండి కూడ ఒక ఐరిస్ ఆయన తోట చేరినది. కాశ్మీరమున దానిని సమాధులపై నాటు ఆచారము చిరకాలముగా కలదు.

ఈ కలయికలో ఒక చిక్కు దాగియుండెను. ఐరోపా పాత రకములలో క్రోమోజోములు రెండు వరుసలు. తూర్పునుండి వచ్చిన ఆ పెద్ద పూలవానిలో నాలుగు. రెంటికి పుట్టిన సంతతికి మూడు వరుసలే వచ్చుటచే అది తరచు గొడ్డుపోవును. ఎప్పుడో ఒక విత్తునకు నాలుగు వరుసలు దక్కును. అదియే పెద్ద పువ్వు పూచి మరల సంతతినిచ్చును. ఈ రహస్యము ఫాస్టరు మరణానంతరము గాని బయటపడలేదు. ఇంగ్లండు దేశపు బ్లిస్ అను ఇంజనీరు పెంచి, 1917లో వెలువరించిన ‘డొమీనియన్’ అట్టి అదృష్టపు విత్తే.

ఆ విత్తు కొరకు ఎంత ఓర్పు వలయునో చూడుడు. పుప్పొడి సోకిన సుమారు రెండు నెలలకు కాయ పండి పగులును. విత్తు గట్టిది, కొన్నాళ్లు చలిలో తడిసి నానక మొలవదు. శరత్తున నాటినచో వసంతమున కొన్ని లేచును. కొన్ని రెండవ ఏటికో మూడవ ఏటికో గాని లేవవు. కావున ఒట్టి కుండయని మట్టి పారబోయరాదు. మొలచిన రెండు మూడేండ్లకు పువ్వు కనబడును. పూసినవానిలో పెక్కు తల్లిదండ్రులకంటె తీసికట్టు, వానిని పెరికివేయవలసినదే.

ఫాస్టరు 1907లో మరణించెను. కాశ్మీరపు మొక్కనుండి ఆయన పెంచిన తెల్లని ‘కాశ్మీర్ వైట్’ 1912లో లోకమునకు అందెను. ఆయన వ్రాసి యుంచిన కాగితములు డైక్స్ అను పాఠశాలోపాధ్యాయునకు దక్కినవి. వాని సాయమును గైకొని, తానును జాతి జాతిని విత్తునుండి పెంచి పరిశీలించి, డైక్స్ 1913లో ఐరిస్ జాతులపై బృహద్గ్రంథమును ప్రకటించెను. 1925లో మోటారు ప్రమాదమున మరణించెను. ఆయన విత్తులనుండి పుట్టిన పెద్ద పసుపు పువ్వును మరుసటి ఏట ఆయన పేరనే వెలువరించిరి. అది అందరి తోటలకు చేరునాటికి ఆయన లేడు. 1927 మొదలు ఉత్తమ ఐరిస్‌లకు ఇచ్చు పతకమును ఆయన పేరనే ఇచ్చుచున్నారు.

మన మైదానముల ఎండలు గడ్డపు ఐరిస్‌నకు సరిపడవు. శీతకాలపు గట్టి చలి దానికి కావలయును. అయినను దీని కథ మన మామిడితోటలకు దూరమైనది కాదు. అంటు కట్టువాడు తెలిసిన మేలును నిలుపును. విత్తు నాటువాడు తెలియని మేలునకు చోటిచ్చును. తోటకు ఇరువురును కావలయును. అయితే రెండవవాడు తన శ్రమఫలమును చూడగలనన్న పూచీ లేకయే కుండకు నీరు పోయుచుండును. కాశ్మీరపు సమాధులమీది పువ్వు దూరదేశపు తోటలలో క్రొత్త సంతతిని కన్నదనగా, అది అట్టివారి చేతి చలువ యని మా తలంపు.