తులసిదళం, తులసి

యండమూరి వీరేంద్రనాథ్ (జననం 1948) రాసిన జంట నవలలు. మొదటిది ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. రెండోదాని ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా తీశారు. అతీత శక్తుల కథలు తెలుగువారికి కొత్తవి కావు. 1671లో మంత్రాలయంలో సజీవంగా బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి, శతాబ్దం దాటాక మఠం భూముల విచారణకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి థామస్ మన్రోకు కనిపించి మాట్లాడారని తుంగభద్ర తీరంలో నేటికీ చెప్పుకుంటారు. అయితే ఆ మహిమకు ఒక క్షేత్రం ఉంది. కోరినవారే అక్కడికి నడిచి వెళ్లాలి. యండమూరి ఆ హద్దు చెరిపేశారు. ఆయన ‘తులసిదళం’లో చేతబడి శక్తి పిలవకుండానే నగరంలోని ఇంట్లోకి చొరబడి చిన్నపాపను పట్టుకుంటుంది. పాపకు గండం ఒక గడువులోగా తప్పాలి గనుక కథ పరుగెడుతుంది. వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచింది ఈ గడువే.

ఈ నవలలు చేతబడిపై నమ్మకం పెంచాయన్న విమర్శ బలమైనదే, కొట్టిపారేయలేం. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన నేల ఇది. కానీ ‘తులసిదళం’లో మాంత్రికుడి వెంటే వైద్యుడూ, హిప్నాటిస్టూ ఉన్నారు. పాప బతకడానికి రెండు కారణాలూ పక్కపక్కనే నిలుస్తాయి, రచయిత తీర్పు చెప్పడు. భయం మంత్రం వైపే మొగ్గిందన్నది నిజం. హేతువుకు చోటే లేదనడం మాత్రం అన్యాయం.