నొప్పికి మందుగా గంజాయి – ఒక చరిత్ర



తులసివనంలో గంజాయి మొక్క అని మనకో సామెత వుంది. పదిమంది మంచివాళ్ల మధ్య చేరిన ఒక్క చెడ్డవాణ్ణి చూపించి అనే మాట అది. తులసి మందు, గంజాయి మత్తు అని మన పెద్దలు ఆ రెండు మొక్కల్నీ అలా విడదీసి చెప్పారు. అయితే కొంతకాలంగా ఈ సామెతకి ఎదురుచెప్పే మాట ఒకటి ఊళ్లలో వినిపిస్తోంది. ఇక్కడ ఫరంపేటలో వినండి, గోదావరి దాటి ఎదుర్లంకలో వినండి, అదే మాట. కేన్సరుతోనో, నరాల నొప్పితోనో మంచం పట్టిన మనిషి వున్న ఇంట్లో ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: “విదేశాల్లో గంజాయినే నొప్పికి మందుగా ఇస్తున్నారటండీ, నిజమేనా? నిజమైతే మనకెందుకివ్వరు?”

బాధ చూడలేక అడిగిన ప్రశ్న అది. దాన్ని కసిరి కొట్టెయ్యకూడదు. అలాగని అవునని ఒక్కమాటలో తలూపెయ్యకూడదు కూడా. దీనికి జవాబు కావాలంటే ముందు ఆ మొక్క చరిత్ర కొంత తెలుసుకోవాలి.

ఈ మొక్క మన దేశానికి కొత్త కాదు. అథర్వవేదంలోనే భంగ అనే పేరు కనిపిస్తుంది. మధ్యయుగపు ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి విజయ అని మరో పేరు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశం ఇది కఫాన్ని హరిస్తుందనీ, జీర్ణశక్తిని పెంచుతుందనీ చెబుతుంది. అక్కడితో ఆగదు. మోహాన్నీ, మదాన్నీ కూడా పెంచుతుందని చెబుతుంది. గుణమూ దోషమూ రెండూ ఒకే చోట రాసిపెట్టారన్నమాట. మన వైద్యులు ఈ ఆకును శుద్ధి చేసి, పాలూ నెయ్యీ ఇతర దినుసులూ చేర్చి లేహ్యాల్లో వాడేవారు. మదనకామేశ్వరి లేహ్యం పేరు మీలో పెద్దవాళ్లు వినే వుంటారు.

ఇప్పుడు 1830ల నాటి కలకత్తాకి వెళదాం. అక్కడి మెడికల్ కాలేజీలో విలియం ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు ఆచార్యుడుగా వుండేవాడు. దేశమంతటా జనం వాడుతున్న ఈ మొక్క గురించి ఇంగ్లీషు వైద్యులకు తెలిసింది బహుతక్కువ అని ఆయన గమనించాడు. మధుసూదన గుప్త వంటి పండితుల్నీ, హకీముల్నీ అడిగి సమాచారం సేకరించాడు. ముందు జంతువుల మీద ప్రయోగించి చూశాడు. తర్వాతనే రోగులకిచ్చాడు. కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా, పిచ్చికుక్క కాటు – వీటితో వచ్చినవాళ్లకి గంజాయి జిగురును కొలిచి, గ్రెయిను లెక్కన ఇచ్చి, ఏం జరిగిందో రాసిపెట్టాడు. ఆ వ్యాసం 1839లో వెలువడింది.

ఆయన రాసినవాటిలో రెండు సంగతులు మనం గుర్తుపెట్టుకోవాలి. పిచ్చికుక్క కాటుకు గురైన ఒక రోగి నీళ్లు చూస్తేనే వణికిపోయేవాడు. ఈ మందు పడ్డాక అతను కాస్త మింగగలిగాడు, బాధ తగ్గింది. కాని ప్రాణం దక్కలేదు. అంటే రోగం పోలేదు, బాధ మాత్రం తగ్గిందన్నమాట. రెండో సంగతి కీళ్లవాతం రోగిది. మందు ఇచ్చిన కొన్ని గంటలకు అతను స్పృహ తప్పినట్టు పడి వున్నాడు. చెయ్యి ఎత్తి ఎలా పెడితే అలాగే నిలిచిపోయింది. వైద్యులు కంగారుపడ్డారు. తర్వాత తేరుకున్నాడనుకోండి. ఉపశమనం వుంది, మోతాదు మాత్రం మన చేతిలో లేదు – ఇదీ ఆనాటి అనుభవం.

ఓషానెసీ ఈ మందును లండన్ తీసుకెళ్లాడు. అక్కడ పీటర్ స్క్వైర్ అనే మందుల తయారీదారు దీని సారం తీసి అమ్మకానికి పెట్టాడు. 1850లో అమెరికా అధికారిక ఔషధ గ్రంథంలోకి ఎక్కింది. 1890లో రసెల్ రేనాల్డ్స్ అనే ప్రసిద్ధ వైద్యుడు, నరాల నొప్పికీ పార్శ్వపు తలనొప్పికీ ఇది చాలా ఉపయోగకరమని లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆయన విక్టోరియా రాణి వైద్యుల్లో ఒకడు.

అంత పేరొచ్చిన మందు మరి ఎందుకు మూలపడింది? చట్టం తెచ్చి మానిపించారని చాలామంది అనుకుంటారు. చట్టం తర్వాత వచ్చింది. అంతకంటే ముందే వైద్యులు దీన్ని పక్కన పెట్టసాగారు. కారణాలు సులువుగానే అర్థమవుతాయి. ఒక పొలంలో పండిన గంజాయికున్న బలం పక్క పొలంలోదానికి వుండదు. ఒక సీసా మందు అసలు పనిచెయ్యదు, అదే పేరున్న ఇంకో సీసా మనిషిని పడేస్తుంది. ఈ సారం నీళ్లలో కరగదు కాబట్టి సూదిమందుగా ఇవ్వడం కుదరదు. అదే కాలంలో సూది వచ్చింది, సూదితో ఇచ్చే మార్ఫీను వచ్చింది. 1899లో ఆస్పిరిన్ వచ్చింది. కొలతకు లొంగే మందులు చేతికందాక, కొలతకు లొంగని మందును ఎవరు పట్టించుకుంటారు? 1932లో బ్రిటిష్ ఔషధ గ్రంథం, 1942లో అమెరికా గ్రంథం దీని పేరు తీసేశాయి. ఫ్రాన్సు 1953లో తీసేసింది.

ఈలోగా మన దేశంలో ప్రభుత్వం ఏం చేసిందో చూద్దాం. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, చరసు, భంగుల మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు. వెయ్యిమందికి పైగా సాక్ష్యమిచ్చారు. నివేదిక ఏడు సంపుటాలైంది. మద్రాసు రాజధాని సంగతులూ అందులో వున్నాయి. అప్పటి కృష్ణా జిల్లాలో గంజాయిని పంటగా పండించేవారు. మనుషులకే కాదు, పశువులకు కూడా నాటువైద్యంలో వాడేవారని కమిషన్ రాసింది. మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదు, అతిగా వాడితే హాని వుంది, పూర్తిగా నిషేధించే పని లేదు, పన్నువేసి అదుపులో పెట్టండి – ఇదీ వాళ్లు తేల్చింది. ఇందులో ప్రభుత్వానికి ఆదాయం వుందన్న సంగతి కూడా మనం మరచిపోకూడదు.

మత్తు పదార్థాల లెక్క సరిహద్దును బట్టి మారడమనేది యానాం వాసులకు చెప్పక్కర్లేదు. మనది అప్పుడు ఫ్రెంచివారి పాలన, చుట్టూ ఇంగ్లీషువారి జిల్లా. 1815లో ఆ రెండు దొరతనాలకీ ఒక ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం ఇంగ్లీషువారు ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచివారికిచ్చి, ఫ్రెంచి స్థావరాల్లోని ఉప్పు వ్యాపారం తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ఏడాదికి 300 పెట్టెల నల్లమందు కలకత్తా ధరకి ఫ్రెంచివారికివ్వడానికి ఒప్పుకున్నారు. పాలకులు ఉప్పునూ నల్లమందునూ ఒకే కాగితం మీద బేరమాడుకున్నారు. నొప్పితో మూలిగే రోగి ఊసు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

1954లో ఫ్రెంచివారు యానాం విడిచి వెళ్లారు. ఈరోజుకీ బ్రాందీ ధర ఊరి పొలిమేర దాటితే మారుతుంది. కాని గంజాయి విషయంలో అటూ ఇటూ ఒకే చట్టం. అది 1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టం. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి అనుగుణంగా చేశారు. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క పూతా, కాయలున్న కొనలూ. కొనలు లేకుండా విడిగా వున్న ఆకూ, గింజలూ అందులోకి రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు లైసెన్సు మీద నడుస్తున్నాయి. ఆకు చేర్చిన ఆయుర్వేద మందులు లైసెన్సుతోనే తయారవుతున్నాయి. వాటి మీద, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక వుండి తీరాలి.

మరో ముఖ్యమైన మాట. వైద్య అవసరాలకీ, శాస్త్ర పరిశోధనకీ తప్ప అని ఆ చట్టంలోనే వుంది. తలుపు మూసినా గడియ పూర్తిగా వెయ్యలేదన్నమాట. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ అనుమతి తీసుకుని ఈ మొక్క మీద పని చేస్తోంది. అయితే మీరూ నేనూ పొట్లం కట్టుకుని తెచ్చుకోవడానికి ఆ మినహాయింపు వర్తించదు. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు. 20 కిలోలు మించితే పదేళ్లకి తక్కువ కాని కఠిన శిక్ష. నొప్పికోసం తెచ్చానంటే అది జవాబు కాదు.

ఇక సైన్సు ఏమంటోంది? 1964లో ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో మెషూలం, గావొని అనే శాస్త్రజ్ఞులు గంజాయిలో మత్తు కలిగించే పదార్థాన్ని విడదీశారు. 1988లో అమెరికాలో, ఆ పదార్థం వచ్చి అతుక్కునే చోట్లు మన మెదడులోనే వున్నాయని కనిపెట్టారు. అయితే అవి గంజాయి కోసం పుట్టినవి కావు కదా! 1992లో మెషూలం బృందమే దీనికి జవాబు చెప్పింది. అటువంటి పదార్థాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుందట. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్. మన ఆనందమే ఆ పేరులో వుంది. నొప్పి కబురు మెదడుకి చేరే దారిలో ఈ ఏర్పాటుకి పాత్ర వుంది కనుక, కొన్ని నొప్పులు దీనివల్ల తగ్గడంలో వింత లేదు.

ఎంత తగ్గుతాయన్నదే ప్రశ్న. 2017లో అమెరికా జాతీయ విద్వత్సంస్థలు, పెద్దవాళ్లలో దీర్ఘకాలపు నొప్పికి ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారముందన్నాయి. 2019లో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ, దీర్ఘకాలపు నొప్పికి గంజాయి మందులు ఇవ్వవద్దంది. 2021లో నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం కూడా ఆధారాలు చాలవంది. అదే 2021లో ఫ్రాన్సు సుమారు 3,000 మందితో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. వేరే మందులకి లొంగని నరాల నొప్పి, కేన్సరు, చివరిదశ రోగుల బాధ వంటి కొద్ది అవసరాలకే అది పరిమితం. ఐక్యరాజ్యసమితి 2020 డిసెంబరులో గంజాయిని అతి కఠినమైన జాబితానుంచి తప్పించింది. మన దేశం కూడా అనుకూలంగా ఓటు వేసింది. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఇది: కొందరికి, కొన్ని నొప్పులకి, కొంత మేలు. చిన్నవయసువాళ్లకీ, మనోవ్యాధులున్నవాళ్లకీ కీడు. అక్కడ ఇస్తున్నది కూడా కొలిచిన నూనె, నోట్లో కొట్టే మందు, మాత్ర. చిలుం కాదు, బీడీ కాదు.

మన మన్యంలో పండి, బస్తాల్లో దిగే సరుకు సంగతి అందరికీ తెలుసు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అందులో ఏ పొట్లంలో ఎంత బలముందో ఎవరు చెప్పగలరు? కలకత్తా రోగి చెయ్యి గాలిలో నిలిచిపోయిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోండి.

అయితే మంచం మీద వున్న మనిషికి మనం ఏం చెప్పాలి? ఆ నొప్పికి చట్టం ఒప్పుకునే, వైద్యం ఒప్పుకునే మందు ఒకటుంది. అదే నోటితో వేసుకునే మార్ఫీను. కేన్సరు నొప్పికి దాన్ని మించి పేరున్న మందులు కొద్ది. ఈ విషయంలో మన చరిత్ర సిగ్గుపడవలసినది. చట్టబద్ధంగా నల్లమందు పండించి ప్రపంచానికి పంపే దేశం మనది. అలాంటిది 1985 చట్టం తర్వాత లైసెన్సుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫీను పెట్టడం మానేశాయి. దేశం మొత్తం వాడకం 97 శాతం పడిపోయి, 1997లో 18 కిలోలకు దిగింది. దొంగను ఆపడానికి వేసిన తాళం రోగిని ఆపింది. 1993లో కోజికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు ఉపశమన చికిత్స మొదలుపెట్టారు. వారిలాంటివారి పట్టుదలవల్ల 2014లో చట్టం సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం వుంది.

కాబట్టి మీ ఇంట్లో అటువంటి బాధ వుంటే, పొట్లం ఎక్కడ దొరుకుతుందని అడగకండి. “నొప్పికి ఉపశమన చికిత్స ఎక్కడ ఇస్తారండీ? మార్ఫీను రాయగలరా?” అని డాక్టరుగారిని నోరు విడిచి అడగండి. రోగం నయం కాదన్నారు కాబట్టి నొప్పి భరించక తప్పదని ఎవరైనా అంటే నమ్మకండి. రోగం వేరు, నొప్పి వేరు. ఓషానెసీ రోగి మనకి నేర్పిన పాఠం అదే. రేపు గంజాయి నుంచి కొలతకు లొంగే మంచి మందు మన దేశంలో వస్తే, అదీ డాక్టరు చీటీ మీదే రావాలి. అప్పుడు మన సామెతను కాస్త మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.