1966 పాటలు: పల్నాడు చెవితో నా లెక్క

ఏడాది చివర్లో ఆ ఏటి పాటలకి ర్యాంకులు వేసుకోవడం పాత అలవాటే. మన దగ్గర దీన్ని జనానికి అంటించింది రేడియో సిలోన్ బినాకా గీత్‌మాలా. 1952లో మొదలైంది. అదే ఏడాది కేంద్రమంత్రి కేస్కర్ గారు సినిమా పాటలు చెవులు పాడుచేస్తాయని ఆకాశవాణిలో వాటిని దాదాపు కట్టేశారు. జనం ముల్లు తిప్పి సిలోన్‌కి వెళ్ళిపోయారు. 1957లో వివిధభారతి పెట్టాక గానీ మనవాళ్ళు దారికి రాలేదు. 1966కి బినాకాలో మొదటి పాట "బహారోఁ ఫూల్ బర్‌సావో". ఆ సంగతి హిందీ పాటలు వినేవాళ్ళందరూ ఇప్పటికీ చెప్పగలరు. మరి అదే 1966లో తెలుగులో మొదటి పాట ఏది? అమీన్ సయానీ లాంటి పెద్దమనిషి మనకి లెక్క కట్టి పెట్టలేదు కాబట్టి ఎవడి లెక్క వాడిదే. ఇది నాది.

ఎందుకు 1966 అంటే నా మటుకు నాకు అది పల్నాడుకి ఒక హద్దు లాంటి సంవత్సరం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు కట్టారు దాన్ని. అంటే మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు ఊళ్ళకి కాలువ లేని ఆఖరి పూర్తి సంవత్సరం 1966. శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువుల్లో పల్నాడంటే జొన్నలే, సన్నబియ్యం కలలో మాట అని వెక్కిరింపు ఉంటుంది కదా, ఆ పల్నాడు ఇంకా ఉన్న ఆఖరి ఏడాది అన్నమాట. చెరువు కింద ముక్క తప్ప వరి లేని చోట నాట్ల పాట ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి ఆ ఏటి పల్నాడు చెవిలో ఏ పాటలు ఉండి ఉంటాయి అన్నది నాకు సినిమా ప్రశ్న ఒక్కటే కాదు, చరిత్ర ప్రశ్న కూడా.

ఒక సంగతి ముందే అనుకోవాలి. సినిమా విడుదల తేదీ పెద్ద ఊళ్ళది. పల్లెటూరి టూరింగ్ టాకీస్ దాకా ప్రింటు వచ్చేసరికి ఏ వేసవో అయ్యేది. పాట మాత్రం రేడియోలోనో, పెళ్ళి పందిట్లో మైకుసెట్టువాడి రికార్డు మీదో ముందే వచ్చేసేది. నేను సినిమా ఏ ఏడాదిదైతే పాటనీ ఆ ఏడాదిలోనే వేశాను, లేకపోతే లెక్క తెగదు.

సరే, అసలు విషయానికి వస్తా. మావాళ్ళు కొట్టినా సరే, ముందు చేదు మాట చెప్పేస్తాను. 1966లోనే మా సొంత కథ సినిమాగా వచ్చింది: గుత్తా రామినీడు గారి "పల్నాటి యుద్ధం". బ్రహ్మనాయుడు ఎన్.టి.ఆర్., నాగమ్మ భానుమతి, బాలచంద్రుడు హరనాథ్, మాంచాల జమున. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. ఇంతకంటే ఏం కావాలి? అయినా నా మొదటి ఐదులో దీని పాట ఒక్కటి కూడా లేదు.

దీనికి కారణం సాలూరివారే. ఆయన ఆ ఒక్క ఏడాదిలో "పల్నాటి యుద్ధం" కాక "ఆత్మగౌరవం", "చిలకా గోరింక" చేశారు, బి.గోపాలంతో కలిసి "రంగుల రాట్నం" చేశారు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని వరసగా వినండి. మిగతా మూడింట్లో ఆయన మనసు ఉంది, మన దాంట్లో ఆయన చెయ్యి ఉంది. ఆయనది వెన్నెల చేతివాటం. కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు అడవులు పట్టిపోయిన మనుషుల కోపం, నాగులేరు ఒడ్డున కారెంపూడిలో అన్నదమ్ముల బిడ్డలు నరుక్కున్న కథ వెన్నెలలో ఇమడవు. ఆ సినిమా మాటల కోసం, పద్యాల కోసం, ముఖ్యంగా భానుమతి నాగమ్మ కోసం మళ్ళీ చూస్తాను. పాటల కోసం మాత్రం చూడను. యుద్ధం మద్రాసు ఆర్కెస్ట్రా చేస్తున్నట్టు ఉంటుంది తప్ప మా నేల చప్పుడు అందులో వినపడదు నాకు.

అన్నట్టు ఈ కథ సినిమా కావడం అది రెండోసారి. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన "పల్నాటి యుద్ధం" వచ్చింది. "మాలపిల్ల" తీసిన ఆయనకి చాపకూడు కథ ఎందుకు నచ్చిందో చెప్పక్కర్లేదు. మధ్యలో ఆయన పోతే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. అందులో నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడు కుర్ర అక్కినేని. సంగీతం గాలిపెంచల నరసింహారావు.

ఇక నా మొదటి స్థానం. ఏమాత్రం ఆలోచించకుండా "నడిరేయి ఏ జాములో". సినిమా "రంగుల రాట్నం", రాసింది దాశరథి, పాడింది ఎస్.జానకి. బి.ఎన్.రెడ్డి గారు తీసిన ఈ సినిమాకి ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. చంద్రమోహన్‌కి ఇదే మొదటి సినిమా. నిజాం మీద కలం ఎత్తి నిజామాబాద్ జైల్లో కూర్చొచ్చిన కవి వెంకటేశ్వరస్వామికి పాట రాశాడు చూడండి, అక్కడే నాకు మొదటి ఆశ్చర్యం. రెండోది, పాట స్వామిని నేరుగా అడగదు. రాత్రి పొద్దుపోయి ఆయన ఇంటికొచ్చినప్పుడు మా సంగతి కాస్త చెప్పమ్మా అని అలమేలుమంగని బతిమాలుతుంది. కరణం గారి దగ్గర పని పడితే ముందు కరణం గారి భార్య దగ్గరికి వెళ్ళే పల్లెటూరి తెలివి అది :) జానకి గారు రేపల్లె పక్క పల్లపట్లలో పుట్టారు. ఈ పాటలో ఆవిడ గొంతు ఎక్కడా పైకి లేవదు, పక్కగదిలో పిల్లలు నిద్రపోతున్నట్టు పాడతారు. వానకోసం, అప్పుకోసం, బిడ్డ జ్వరం కోసం రాత్రిపూట దణ్ణం పెట్టుకునేవాళ్ళకి ఆ గొంతు అర్థమవుతుంది. కాలువ లేని ఊళ్ళో మరీనూ.

రెండోది సుశీల గారిది: "శ్రీకృష్ణ తులాభారం"లో "మీరజాలగలడా". సంగీతం పెండ్యాల. ఈ పాట వయసు ఆ సినిమా కంటే చాలా ఎక్కువ. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి స్టేజి మీద దీన్ని ఊరూరా పాడేశారు. ఒక మగమనిషి ఆడగొంతుతో, ఆడనడకతో, ఒక్కో ముక్కకి ఒక్కో భావం చూపిస్తుంటే జనం వన్స్‌మోర్ అంటూ కూర్చునేవారట. గుంటూరు జిల్లాలో నాటకం చూసిన తరానికి ఈ పాట అంటే స్థానం గారే. 1966లో ఆయన బతికే ఉన్నారు, పోయింది 1971లో. అంత పేరున్న పాటని ఒక అమ్మాయి సినిమాలో పాడి నిలబెట్టడం అంటే మాటలా? సుశీల గారు స్థానాన్ని అనుకరించలేదు. గర్వాన్ని ఆయన కంటి చివర చూపించేవారు అంటారు, ఈవిడ పలుకు చివర చూపించారు. తెర మీద జమున సంగతి సరేసరి. అదే ఏడాది మాంచాల, అదే ఏడాది సత్యభామ, ఎక్కడా ఒకరిలో ఒకరు కనపడరు.

మూడో స్థానం "మత్తు వదలరా". "శ్రీకృష్ణ పాండవీయం" ఆ ఏటి సంక్రాంతి సినిమా. భీముణ్ణి నిద్రలేపడానికి కృష్ణుడు పాడే పాట. కొసరాజు రాశారు, ఘంటసాల పాడారు, బాణీ టి.వి.రాజుది. కొసరాజు రాఘవయ్య గారిది బాపట్ల దగ్గర అప్పికట్ల. ఇది పైకి పౌరాణికం, లోపల తత్వం. గుడి అరుగు మీద ఏ తాతో తంబుర పట్టుకుని పాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మా వయసువాళ్ళకి ఈ మాట 2019లో వచ్చిన అదే పేరు సినిమాతో తెలిసింది. అలాగే "సోగ్గాడే చిన్నినాయన" అంటే 2016 నాగార్జున సినిమా అంటారు. ఆ మాట 1966 "ఆస్తిపరులు"లో సుశీల పాట. దానికి నేను ఐదో స్థానం ఇస్తున్నాను, కొంచెం పక్షపాతంగానే. నాలుగోది "ఆత్మగౌరవం"లో "అందెను నేడే". దాశరథి, సుశీల, సాలూరి. దర్శకుడిగా కె.విశ్వనాథ్ మొదటి సినిమా. దీని గురించి ఎక్కువ చెప్పను, విని ఊరుకోవాల్సిన పాట.

"లేత మనసులు"లో "అందాల ఓ చిలకా"ని బయట పెట్టేశానని నాకూ బాధగానే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఐదు పాటలూ 1966లో పల్నాడులో వినపడ్డాయి అనడంలో అనుమానం లేదు. కానీ ఆ ఏడాది పల్నాడు *పాడిన* పాట వీటిల్లో ఒక్కటీ లేదు.

ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల గుడిలో పూజ విగ్రహాలకి కాదు, ఆయుధాలకి. అక్కడ పంబజోడు మోతలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. వీళ్ళు మాలలు. కథలో బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్న సేనాని కన్నమదాసు కూడా మాలే. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని కాగితం మీద ద్విపదగా చెప్పింది శ్రీనాథుడంటారు, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయించారు. గొంతులో పెట్టుకుని ఇన్ని తరాలు మోసింది మాత్రం వీళ్ళు.

ఖాళీగా ఉన్న ఒకరోజు పంచాంగం లెక్క వేశాను. పంతొమ్మిదేళ్ళకి ఒకసారి మన తిథులు మళ్ళీ ఇంచుమించు అవే ఇంగ్లీషు తేదీలకి వస్తాయి. 2023లో దీపావళి నవంబరు 12. వెనక్కి 57 ఏళ్ళు, అంటే 1966లోనూ అంతే. ఆ లెక్కన 1966లో కార్తీక అమావాస్య డిసెంబరు 12. నాలుగో రోజు కోడిపోరు డిసెంబరు 15 అవుతుంది.

1966 డిసెంబరు 15 అనే తేదీ తెలుగు పాటల పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం జీవితంలో మొదటి సినిమా పాట మద్రాసులో రికార్డయిన రోజు. కోదండపాణి సంగీతం, 1967లో వచ్చిన "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" కోసం. ఆ పాట ఈ క్షణంలో ఫోన్లో నొక్కితే వస్తుంది. ఎవరెవరు పాడారు, ఎవరు రాశారు, అన్నీ తెలుసు. లెక్క ప్రకారం అదే రోజు కారెంపూడిలో కోడిపోరు పాడిన మనిషి పేరేంటి? ఆ గొంతు ఎలా ఉండేది? చెప్పే రికార్డు నా చేతిలో ఒక్కటీ లేదు.

కారణం కులం ఒక్కటే అని తేల్చేయను, అలాగని లేదనీ అనను. 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పడుతుంది. సినిమా పాట ఆ కొలతకి కుట్టిన చొక్కా. రాత్రుళ్ళు రాత్రుళ్ళు సాగే కథ ఆ ప్లేటులో పట్టదు. షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా కట్టి ఊళ్ళు ఊగించారంటే, ఒక రాత్రిలో చెప్పగలిగేంతకి కుదించారు కాబట్టి. ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. విద్యావంతుల పాటకి మాత్రం టేపు రికార్డరు పట్టుకుని కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు కావాలి. తెలుగు వీరగాథల మీద పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు వాళ్ళ దగ్గర కూర్చున్నారు. అమెరికా నుంచి జీన్ రోఘైర్ వచ్చి 1970ల్లో అలిశెట్టి గాలెయ్య పాడిన కథని టేపుల మీద ఎక్కించుకుని, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ చేత పుస్తకంగా వేయించారు. గాలెయ్య గారి పేరు మనకి మిగిలింది అందువల్ల.

మా పనిలో డేటాబేసులో సున్నాకీ నల్‌కీ తేడా తెలియనివాణ్ణి ఒక్కరోజు కూడా ఉంచుకోరు. సున్నా అంటే కొలిస్తే ఏమీ లేదని, నల్ అంటే అసలు కొలవలేదని. 1966 మంచి పాటల జాబితాలు ఎన్నో చూశాను, అన్నిట్లోనూ కారెంపూడి సున్నాగా ఉంది. నా దాంట్లో అది నల్. అందుకే పైన వేసిన ఐదు అంకెల కిందా "దొరికిన రికార్డుల్లో" అని రాసుకున్నాను.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట కేంద్రం. తిరునాళ్ళు ఇంకా జరుగుతున్నాయి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, కోడిపోరు రోజు వీడియోలు బోల్డు తీస్తున్నారు, అందులో ముప్పావు మన మొహాలే. 70ల్లో, 80ల్లో కారెంపూడిలోనో పల్లెల్లోనో ఎవరైనా సరదాకి నొక్కిన క్యాసెట్లు, స్పూలు టేపులు అటకల మీద ఉండే ఉంటాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. లోపల ఏం ఉందో తెలియకపోయినా సరే, పైన ఊరి పేరూ, పాడినవాళ్ళ పేరూ మీ పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టండి.